మా ఊరికి ఎవరు చుట్టం?

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు. మాతో పనిచేసే ఒక సారు మారిషస్ పోయి వచ్చాడు. కరీంనగర్ మనిషి. మూడేళ్లు చిట్టీ కట్టి, అది ఎత్తుకుని, ఇంటిల్లిపాదినీ విమానం ఎక్కించాడు. మధ్యాహ్న భోజనం వేళ స్టాఫ్ రూమ్‌లో ఆయన ఫోను చేతులు మారింది. నీలం నీళ్లు, తెల్ల ఇసుక, కొబ్బరిచెట్టు కింద ఆయన పిల్లలు. రాత్రిపూట హోటల్ ముందు రంగుల గౌన్లు వేసుకున్న ఆడవాళ్లు ఆడుతున్న వీడియో. "చరిత్ర సుత చూపెట్టిన్రు" అని ఒక రేవులోని పాత రాతిమెట్ల ఫొటో తీశాడు. మంచి మనిషి. బడి పిల్లలందరికీ చాక్లెట్లు తెచ్చాడు, వంట చేసే అక్కను కూడా మరవలేదు.

ఫోను జేబులో పెట్టుకుంటూ మాతో అన్నాడు: "ఇగ ఈసారి దీపావళికి మీ ఊరికి తీస్కపోవాలె సార్. గంత దూరం పోయినం గని మన కుంటాల చూడలే. జలపాతం చూసి అటే మీ గూడెం వస్తం. ఓ పది మందిని గుస్సాడీ ఆడిపియ్యున్రి. ఎంతైతే అంత ఇద్దాం."

మేం నవ్వి ఊరుకున్నాం. జవాబు చెప్పాల్సింది, చెప్పలేకపోయాం. ఆ చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం. ఆయనొక్కడికే కాదు. ముందు మనకు, అంటే పిల్లలకు పాఠం చెప్పే మనకు, చేతిలో ఫోను పట్టుకుని తిరిగే మన పోరగాళ్లకు చెప్పాలి.

ఆ సారుకు టూర్ కంపెనీ ఇచ్చిన కాగితం మేం చదివాం. సముద్రతీరం, చరిత్ర, సంస్కృతి. మూడు మాటలు. మన జిల్లాల మీద ఇప్పుడు వేస్తున్న రంగుల కాగితాల్లో కూడా అవే మూడు మాటలు, సముద్రం బదులు జలపాతం అంతే. ఆదిలాబాద్ తెలంగాణ కాశ్మీర్ అట. మనలో కాశ్మీర్ చూసినవాళ్లు ఎందరో తెలియదు గానీ, ఎవరినీ అడగకుండానే మనం కాశ్మీర్ అయిపోయాం.

ఆ రాతిమెట్ల సంగతి ముందు చెప్పుకుందాం. ఆ సారుకు అక్కడి గైడు ఏం చెప్పాడో గానీ, మాకు తెలిసింది ఇది. 1834 నవంబర్ 2న కలకత్తా నుంచి అట్లాస్ అనే ఓడ మారిషస్‌కు 36 మంది కూలీలను తెచ్చింది. చెరకు తోటల్లో బానిసత్వం రద్దయ్యే వేళకు యజమానులకు కొత్త చేతులు కావాల్సి వచ్చాయి. కాగితం మీద వేలిముద్ర వేయించుకుని తెచ్చిన ఆ మొదటి 36 మందిని కొండ కూలీలు అని రాసుకున్నారు. ఛోటానాగపూర్ అడవుల వాళ్లు, ధంగర్లు. అంటే ఆదివాసులు. మన చుట్టాలు. ఆ తర్వాత దాదాపు 5 లక్షల మంది ఆ రేవు మీదుగా వెళ్లారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుంచి పోయిన తెలుగువాళ్లు కూడా అందులో ఉన్నారు. అందుకే అక్కడ తెలుగువాళ్లకు కోరంగివాళ్లనే పేరు పడింది. సారు ఫొటో తీసుకున్న మెట్లు ఆ కూలీలు ఎక్కిన మెట్లు. ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. నవంబర్ 2 ఆ దేశానికి సెలవు దినం.

హోటల్ ముందు ఆడిన ఆట పేరు సెగా. అది బానిసల ఆట. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి పట్టుకొచ్చిన మనుషులు పగలంతా కొరడా కింద పనిచేసి, రాత్రి చేరి పాడుకున్నది. ఇప్పుడు టూరిస్టు అన్నం తింటూ చూస్తాడు. లె మోర్న్ అని సముద్రం ఒడ్డున ఒక కొండ ఉంది. తోటల నుంచి పారిపోయిన బానిసలు దాని మీద గుహల్లో దాక్కున్నారు. స్వేచ్ఛ వచ్చిందని చెప్పడానికి సిపాయిలు కొండ ఎక్కుతుంటే, మళ్లీ పట్టుకుపోవడానికే వస్తున్నారనుకుని కొందరు కిందికి దూకేశారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ కొండకూ 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చదువుతుంటే మాకు జోడేఘాట్ గుర్తొచ్చింది. కొండ మీదికి పోయి నిలబడ్డవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

తేడా ఎక్కడుంది? అక్కడ కూలీల మనవలు, బానిసల మనవలు దేశాన్ని చేతిలోకి తీసుకున్నారు. 1968లో స్వాతంత్ర్యం వచ్చింది. ఏ మెట్టును కాపాడుకోవాలో, ఏ రోజు సెలవు ఇచ్చుకోవాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. వచ్చినవాడు చూసి పోతాడు, సరే. కానీ చూపించేది ఏమిటన్నది చూపించేవాడి చేతిలో ఉంది, అన్నిచోట్లా కాకపోయినా ఆ మెట్ల దగ్గరైనా.

మన సంగతి చూడండి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతు కూలీ సంఘం సభకు వచ్చిన మనవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చచ్చిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. ఆ లెక్కను మన ఊళ్లు ఏనాడూ ఒప్పుకోలేదు. కట్టుకున్న స్తూపాన్ని ఒకసారి గుర్తు తెలియని వాళ్లు పేల్చేశారు, మళ్లీ కట్టారు. ఆ తర్వాత ఎన్ని ఏప్రిల్ 20లు గడిచాయి! ప్రతి ఏటా ఆ రోజు స్తూపం చుట్టూ 144 సెక్షన్. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు ఒక పువ్వు పెట్టిపోదామంటే రోడ్డు మీదనే ఆపి, ఏ ఊరు, ఎవరి మనిషివి అని అడిగారు. ఆంక్షలు సడలింది ఈమధ్యనే. చరిత్ర చూడటానికి రమ్మని ఊరందరినీ పిలిచే జిల్లాలో, సొంత చరిత్ర చూసుకోవడానికి మనకు దశాబ్దాలపాటు పర్మిషన్ దొరకలేదు.

జోడేఘాట్‌లో మ్యూజియం కట్టారు, 2016లో. బాగుంది, కాదనం. కుమ్రం భీం విగ్రహం ముందు మన పిల్లలు నిలబడితే మా ఛాతీ కూడా ఉబ్బుతుంది. కెరమెరి ఘాట్ మీదుగా కార్లు జోడేఘాట్ దాకా ఎక్కుతున్నాయి. కానీ ఆ రోడ్డు నుంచి పక్కకు దిగి ఏ గూడేనికైనా పోయి చూడండి. భీం అడిగింది భూమి మీద, అడవి మీద హక్కు. ఆయన బొమ్మ ఉన్న హాలు నుంచి బయటికి వచ్చిన ముసలాయనను పోడు పట్టా వచ్చిందా తాతా అని అడిగితే ఏం చెబుతాడో మ్యూజియంలో ఎక్కడా రాసి ఉండదు.

ఇక నీళ్ల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే టూరిస్టు ఎక్కువగా వచ్చేది దీనికే.

కుంటాల, పొచ్చెర, గాయత్రి, మిట్టె, సప్తగుండాల. ఇవి ఎప్పుడు అందంగా ఉంటాయి? వానాకాలంలో. జూలై నుంచి అక్టోబర్ దాకా. హైదరాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి, నాందేడ్ నుంచి శని, ఆదివారాలు బండ్లు వచ్చేది అప్పుడే. సరిగ్గా ఆ నెలల్లోనే మన గూడేలకు దారి తెగిపోతుంది. అదే నీళ్లు సార్, వేరే నీళ్లు కావు. పైన మన ఊరి ముందు వాగై పారి, మన పిల్లను బడికి పోనివ్వక, నిండు గర్భిణిని మంచం మీద మోయించి, అవే కిందికి పోయి జలపాతమై దూకుతాయి. అక్కడ సెల్ఫీ దిగుతారు. విషజ్వరాల కాలమూ అదే. ఉట్నూరు ఏజెన్సీలో పనిచేసిన టీచర్‌ను ఎవరినైనా అడగండి, ఆగస్టులో హాజరు పట్టీ ఎట్లా ఉంటుందో. సగం పిల్లలు జ్వరంతో పడుకుని ఉంటారు. మిగిలిన సగంలో కొందరు వాగు అవతల.

వాగు మీద వంతెన అడిగితే ఎస్టిమేట్ వేయాలంటారు. జలపాతానికి మెట్లు, రెయిలింగు, పార్కింగు, స్వాగత తోరణం అయితే పనులు కనబడతాయి. మేం మెట్లు వద్దనడం లేదు. కుంటాలలో జారి పడి చచ్చిపోయిన పట్నం పిల్లల సంఖ్య తక్కువేం కాదు. గుండంలో దిగి వాళ్ల శవాలు వెతికేది చుట్టుపక్కల ఊళ్ల ఈతగాళ్లే. ఆ తల్లుల ఏడుపు మనకూ వినబడుతుంది. మేం అడిగేది ఒక్కటే. వారానికి ఒకరోజు వచ్చిపోయేవాడి కాలు జారకుండా ఉండాలంటే డబ్బు దొరికినప్పుడు, ఏడు రోజులూ ఇక్కడే ఉండేవాడి కాలు తడవకుండా ఉండటానికి ఎందుకు దొరకదు?

కుంటాల పేరు కూడా మనది కాకుండా పోతోంది, అది ఇంకో ముచ్చట. శకుంతల ఇక్కడ స్నానం చేసిందట, దుష్యంతుడు ఇక్కడే చూశాడట, అందుకే కుంతల, కుంటాల అయిందట. టూరిజం కాగితాలన్నింటిలో ఇదే కథ. కడెం వాగు దూకేచోట రాతిలో కుంటలు ఉన్నాయి, కళ్లు ఉన్నవాడికి కనబడతాయి. కుంట అంటే ఏమిటో ఒకటో తరగతి పిల్ల కూడా చెబుతుంది. కుంటలు ఉన్న చోటు కుంటాల. అయినా మన పిల్లలు పరీక్షలో శకుంతల అనే రాస్తున్నారు. మేమే దిద్ది మార్కులు వేస్తున్నాం. ఇందులో తప్పు టూరిజం వాళ్లది సగం, మాది సగం.

సంస్కృతి దగ్గరికి వస్తే మా తప్పు సగం కంటే ఎక్కువ.

గుస్సాడీ అంటే ఏమిటో ఈ పుస్తకం చదివేవాళ్లలో చాలామందికి చెప్పనక్కర్లేదు. కానీ మన పిల్లలకు చెప్పాల్సిన కాలం వచ్చింది కాబట్టి రాస్తున్నాం. అది దీక్ష. ఏత్మాసూర్ దేవత పేరున దండారిలో వేసుకునే వేషం. నెమలి ఈకల టోపీకి పూజ చేసిన తర్వాతే అది తలకెక్కుతుంది. ఒంటికి బూడిద, భుజాన తోలు, చేతిలో రోకలి. దండారి ముగిసి కోలబోడి చేసేదాకా గుస్సాడీ స్నానం చేయడు. ఆ రోజుల్లో ఆ మనిషి మనకు మామూలు మనిషి కాడు. అతను రోకలి తాకిస్తే రోగం పోతుందని మన ముసలమ్మలు ఎదురువెళ్లి నిలబడతారు. కోలబోడి అయ్యాక టోపీ దింపి దాచిపెడతారు. మళ్లీ ఏడాదికి గానీ తీయరు. తీయకూడదు.

కొన్నేళ్ల కింద ఒక ఆఫీసు నుంచి మా బడికి ఫోను వచ్చింది. పెద్ద సారు వస్తున్నాడు, 15 మంది పిల్లలను గుస్సాడీ వేషంలో తయారుచేసి ఉంచండి. అది ఏప్రిల్. పుట్టినిళ్ల నుంచి టోపీలు తెప్పించాం, దొరకనివాటికి అట్ట కోసి, బజారులో కొన్న ఈకలు గుచ్చాం. 9 గంటలకు రమ్మన్నారు, కార్లు వచ్చేసరికి ఒంటిగంట. పిల్లల ఒంటి మీద పూసిన బూడిద చెమటకు చారలు చారలుగా కారింది. కారు దిగిన సారు నాలుగు అడుగులు వాళ్లతో వేసి, ఒక పిల్లగాడి టోపీ తీసి తన తల మీద పెట్టుకుని ఫొటో దిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. ఆ పిల్లగాడి తాత ఊళ్లో దేవారి. సాయంత్రం ఆయన బడికి వచ్చి అరవలేదు, తిట్టలేదు. "చదువుకున్నోళ్లు మీరు" అన్నాడు, టోపీ తీసుకుని పోయాడు. ఆ మాటకు మేం ఇప్పటికీ తలెత్తలేదు.

కొందరు అడుగుతారు, మరి కనక రాజు గారు ఢిల్లీలో ఆడలేదా అని. మార్లవాయి కనక రాజు గారు గణతంత్ర వేడుకల్లో ఇందిరాగాంధీ ముందు గుస్సాడీ ఆడారు. ఇంద్రవెల్లిలో తుపాకులు పేలిన రోజులకు అటూ ఇటుగానే. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆయనను తప్పుపట్టడానికి మేమెవరం? మనం ఉన్నామనే సంగతి దేశానికి తెలియని రోజుల్లో ఆయన పోయి నిలబడ్డారు. గుస్సాడీ ఏమిటో తెలిసి ఆడిన మనిషి ఆయన. ఏమీ తెలియని అయిదో తరగతి పిల్లగాడికి అట్ట టోపీ పెట్టి ఎండలో నిలబెట్టింది మనం. రెండూ ఒకటి కావు. ఆయన పేరు అడ్డం పెట్టుకుని మన పని ఒప్పు చేసుకోవద్దు.

ఈ దారి ఎక్కడికి పోతుందో అండమాన్‌లో చూడొచ్చు. మన తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడ్డ దీవులే అవి. జారవాల అడవిని చీల్చుకుంటూ ట్రంక్ రోడ్డు వేశారు. ఆ భాగం మూసేయమని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది, మూయలేదు. టూరిస్టు బండ్లు బారులు తీరాయి. బిస్కెట్లు విసరడం, అరటిపండ్లు విసరడం. 2012లో ఒక వీడియో బయటికి వచ్చి ప్రపంచమంతా చూసింది: తిండి ఆశ చూపి జారవా ఆడవాళ్లను ఆడమనడం. అప్పుడు అందరూ ఛీ అన్నారు. మేమూ అన్నాం. ఎండలో 15 మంది పిల్లలను ఆడించి, అయ్యాక ఒక్కొక్కరికి బిస్కెట్ పుడా ఇచ్చింది మా చేతులే.

మరి టూరిస్టులను రానివ్వొద్దా? తలుపులు మూసుకోవాలా? మా మాట అది కాదు. ఇండోనేషియాలో బాలి అని ఒక దీవి ఉంది, మారిషస్‌కు పోయినట్లే మనవాళ్లు అక్కడికీ పోతున్నారు. అక్కడ నాట్యం లేకుండా గుడి లేదు, పండుగ లేదు. టూరిస్టులు పెరిగేసరికి గుడిలో దేవుడి ముందు ఆడాల్సింది హోటల్లో ఆడటం మొదలైంది. 1971లో అక్కడి పూజారులు, కళాకారులు, పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. నాట్యాలను మూడు రకాలుగా విడదీశారు. గుడి లోపలే ఆడాల్సినవి, పండుగకు ఆడేవి, ఎవరికైనా ఎక్కడైనా వినోదానికి ఆడదగినవి. మొదటి రకం డబ్బుకు ఆడొద్దన్నారు. వాళ్ల తీర్మానం నూటికి నూరు పాళ్లు నిలబడిందని మేం అనడం లేదు, డబ్బు ముందు ఏ తీర్మానమైనా కొంత వంగుతుంది. కానీ కూర్చున్నారు. గీత గీశారు. గీత ఉన్నచోట, దాటినవాడికి దాటానని తెలుస్తుంది.

మనకు కూర్చునే చోటు లేదా? రాయిసెంటర్లు ఉన్నాయి. సార్మెడీలు ఉన్నారు, పటేళ్లు, దేవారులు, కటోడాలు ఉన్నారు. తగాదాలు, పెళ్లి పంచాయితీలు అక్కడే తెంచుకుంటాం కదా. ఈ విషయం అక్కడ పెట్టలేమా? దింసా ఉంది, అది సంతోషానికి ఆడేది. చుట్టాలు వస్తే చేతులు పట్టుకుని వాళ్లనూ కలుపుకుని ఆడతాం, దానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. గుస్సాడీ టోపీ దండారిలో తప్ప తీయొద్దని ఒక మాట అనుకుంటే, ఆఫీసు నుంచి ఫోను వచ్చినప్పుడు టీచర్‌కు చెప్పుకోవడానికి ఒక జవాబు ఉంటుంది. ఒక్క టీచర్ కాదంటే మెమో. వంద గూడేలు కాదంటే ఎవరికి మెమో ఇస్తారు?

మన పోరగాళ్లతో ఒక మాట. రీలు కోసం ఫాల్గుణంలో టోపీ పెట్టుకుని, సినిమా పాటకు అడుగులు వేసి పెడుతున్నారు. లక్ష మంది చూశారని సంబరం. ఆ లక్ష మందిలో మన భాష తెలిసినవాళ్లు ఎందరు? మీమీద కోపం లేదు మాకు, మేం చప్పట్లు కొట్టిన బడిలో చదివినవాళ్లే మీరు. మీ చేతిలో ఫోను ఉండటం మంచిదే. కుంటలు ఉన్న చోటు కుంటాల అని ఒక వీడియో చేయండి. వాగు దాటలేక ఆగిపోయిన ఆటో వీడియో పెట్టండి.

ఉద్యోగాలు వస్తాయి కదా అంటారు. ఏ ఉద్యోగాలు? పార్కింగు దగ్గర చీటీ చింపడం, రిసార్టులో గదులు ఊడ్వడం, సఫారీ జీపు ముందు సీట్లో కూర్చుని జంతువును చూపించడం. ఇప్ప పువ్వు, జొన్నరొట్టె ఎట్లుంటాయో తెలిసిన ఒక్క ఆడమనిషికి జలపాతం పక్కన హోటల్ లేదు, బయటివాడు పెట్టిన నూడుల్స్ బండి ఉంది. ఓజల ఇత్తడి పనికి 2018లో ఆదిలాబాద్ డోక్రా పేరిట భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ బొమ్మ పట్నం షోరూములో ఎంతకు అమ్ముడుపోతుందో పోసినవాడికి తెలియదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1/70 చట్టం ఉంది, గిరిజనేతరుడి చేతికి భూమి మారకూడదు. 1997లో సమత తీర్పు ప్రైవేటు కంపెనీలకు సర్కారు సైతం లీజు ఇవ్వకూడదంది. 1996 పెసా చట్టం గ్రామసభను అడగమంది. అయితే రోడ్డు పక్కన లేస్తున్న దాబాలు, కాటేజీలు ఎవరి పేరున ఉన్నాయి, ఎవరి గల్లాపెట్టెలో డబ్బు పడుతోంది? ఈ లెక్క అడగాల్సింది గ్రామసభ. గ్రామసభలో నోరు విప్పాల్సింది చదువుకున్న మనం. డబ్బు వద్దని ఎవరూ అనడం లేదు. ఆ గల్లాపెట్టె తాళం ఏ ఊళ్లో ఉండాలన్నదే గొడవ.

కవ్వాల్ అడవిది మరో కథ. 2012లో పులుల అభయారణ్యం అన్నారు. జన్నారం నుంచి సఫారీ జీపు లోపలికి పోతుంది, మన పశువులు పోతే తప్పు. కడెం మండలంలో రాంపూర్, మైసంపేట ఊళ్లను అడవి బయటికి తెచ్చారు. ఒప్పుకునే వచ్చారు, ప్యాకేజీ తీసుకున్నారు అంటారు. నిజమే, ఒప్పుకున్నారు. కరెంటు లేక, రోడ్డు లేక, ఆస్పత్రి లేక ఏళ్లు గడిచాక ఎవరైనా ఒప్పుకుంటారు. 2025లో జీవో 49 తెచ్చి ఆసిఫాబాద్ జిల్లాలో కుమ్రం భీం పేరుతోనే కన్జర్వేషన్ రిజర్వు అన్నారు. మన సంఘాలు రోడ్డెక్కాక జూలైలో ఆపారు. రద్దు చేయలేదు, ఆపారు. మారిషస్ కాగితంలో కూడా రాయని ఒక సంగతి ఉంది. ఆ దేశం నుంచి 1965లో బ్రిటన్ విడదీసిన ఛాగోస్ దీవుల్లో ఉన్న మనుషులందరినీ 1968, 1973 మధ్య ఓడలెక్కించి పంపేశారు, అమెరికా సైనిక స్థావరం కోసం. నీళ్లు అక్కడా నీలంగానే ఉన్నాయి. ఊరు లేదు.

ఇంత రాశాక, బయటివాడు రావడం మాకు ఇష్టం లేదని ఎవరైనా అనుకుంటే వాళ్లకు దండారి తెలియదన్నమాట. దండారి అంటేనే ఒక ఊరు ఇంకో ఊరికి పోవడం. ముందే కబురు పంపుతాం. వాళ్లు రమ్మన్నాకే బయలుదేరతాం. ఊరి పొలిమేర దగ్గర వాళ్లు వాయిద్యాలతో ఎదురొస్తారు, రాం రాం చెప్పుకుని, కాళ్లకు నీళ్లిచ్చి తీసుకుపోతారు. రాత్రంతా గుమ్మెల మోగుతుంది. వాళ్లు వండింది తింటాం, వాళ్ల నేల మీద పడుకుంటాం, పిల్లల పెళ్లి ముచ్చట్లు అక్కడే మొదలవుతాయి. పోయినవాళ్లకు పిలిచే బాకీ ఉంటుంది. ఇవాళ అతిథి, రేపు ఆతిథ్యం ఇచ్చేవాడు. మనకంటే పెద్ద యాత్రికులు ఎవరున్నారు? మెస్రం వంశస్థులు కెస్లాపూర్ నుంచి కాలినడకన గోదావరి హస్తినమడుగు దాకా పోయి నాగోబాకు నీళ్లు తెస్తారు. దారిలో ప్రతి ఊళ్లో ఆగుతారు, ప్రతి ఊరికీ ముందే తెలుసు. నాగోబాకు కొత్త గుడి కూడా తమ ఇళ్లలోంచి పైసలు పోగేసి కట్టుకున్నారు, 2022 డిసెంబర్‌లో ప్రతిష్ఠ చేశారు.

బయటినుంచి వచ్చి చుట్టమైన మనిషీ ఉన్నాడు. జోడేఘాట్ తర్వాత నిజాం సర్కారు పంపితే హైమన్‌డార్ఫ్ మార్లవాయి వచ్చాడు. గుడిసెలో ఉన్నాడు, గోండీ నేర్చుకున్నాడు, బడి పెట్టించాడు, మనలోంచి టీచర్లను తయారుచేయించాడు. మన వృత్తికి తాత ఆయన. కెస్లాపూర్ జాతరలో దర్బార్ పెట్టించాడు: మనం ఆఫీసుకు పోవడం కాదు, ఆఫీసే మన జాతరకు రావాలి, మన ముందు కూర్చుని మన బాధ వినాలి. ఇప్పుడా దర్బార్‌లో వేదిక ఎత్తు పెరిగింది, వినేవాళ్లు పైన మాట్లాడుతున్నారు, చెప్పుకోవాల్సినవాళ్లు కింద వింటున్నారు. హైమన్‌డార్ఫ్‌వి, ఆయన భార్య బెట్టీవి సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి. పోయినప్పుడు పిల్లలను తీసుకుపోండి.

కరీంనగర్ సారుకు చివరికి చెప్పాం. ఆడిపియ్యడం మా చేతిలో లేదు సార్, దండారి నడిచే రోజుల్లో రండి, ముందు పటేల్‌ను అడిగి చెబుతాం, రాత్రి ఉండాలె, ఫోను బ్యాగులో పెట్టాలె అని. కొంచెం నొచ్చుకున్నాడు. అయినా వచ్చాడు, భార్యను, పిల్లలను తీసుకుని. వాగు దగ్గర కారు ఆగిపోతే ప్యాంటు మడిచి నీళ్లలో నడిచాడు. "గీ నీళ్లేనా సార్ కుంటాలకు పోయేది?" అన్నాడు. జొన్న గట్క తిన్నాడు, పిల్లలు తినలేదు. అర్ధరాత్రి దాకా గుస్సాడీలను చూసి, మా తడికె పక్కన చాప మీద నిద్రపోయాడు. ఫొటో ఒక్కటీ తీయలేదు.

పొద్దున్నే బయలుదేరుతుంటే మా ఊరి పటేల్ ఆయన చేయి పట్టుకుని అడిగాడు: "మంచిగ వచ్చిన్రు సారు. మరి మీ ఊరికి మేమెప్పుడు రావాలె?"

ఆయన మా మొహం చూశాడు. వాళ్లది మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. మా దండారిలో నలభై మంది. సంక్రాంతి సెలవుల్లో అయితే బాగుంటుందని, ఇంట్లో మాట్లాడి చెబుతానని అన్నాడు. పటేల్ రోజూ అడుగుతున్నాడు, తేదీ వచ్చిందా అని.